పద్యనాటకానికి 16 ఛానెళ్ల మిక్సర్: ఏది పెంచాలి, ఏది దించాలి

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. జమ్మలమడుగు దగ్గర మీ ఊరి తిరుణాలలో పద్యనాటకం. స్టేజీ ముందు నాలుగు వేలాడే మైకులు, హార్మోనియానికి ఒకటి, తబలాకు రెండు, కీబోర్డు, రిథం ప్యాడు, వ్యాఖ్యాతకు ఒక కార్డ్‌లెస్. సెకండ్‌హ్యాండ్‌లో కొన్న 16 ఛానెళ్ల అనలాగ్ మిక్సర్, అంటే మైకులన్నిటినీ కలిపి బాక్సులకు (స్పీకర్లకు) పంపే పెట్టె. పోయిన నెల భజనకు పెట్టి చూస్తే మూడు కష్టాలొచ్చాయని రాశావు. ఆగకుండా బుయ్‌మని హమ్, గొంతు పెంచబోతే కీచు, పెంచకపోతే మాట వినపడదు. అప్పు చేసైనా డిజిటల్ మిక్సర్ కొంటే ఇవి పోతాయా అని అడిగావు.

పోవు. హమ్ కరెంటు దగ్గర పుడుతుంది. కీచు మైకుకూ బాక్సుకూ మధ్య పుడుతుంది. మాట వినపడకపోవడం చాలాసార్లు మైకు కట్టిన చోటు వల్ల వస్తుంది. ఎంత ఖరీదైన మిక్సర్ తెచ్చినా ఈ మూడూ దాని వెంటే వస్తాయి. నాటకానికి సౌండ్ చేసేవాడి చేతి పనితనమంతా, ఏ క్షణానికి ఎన్ని తక్కువ మైకులు తెరిచి ఆట నడపగలడన్న దాంట్లోనే ఉంటుంది. అది పట్టుబడితే ఇప్పుడు నీ దగ్గరున్న మిక్సర్ చాలు.

ముందు పద్యనాటకం సంగతి ఒకటి మనసులో పెట్టుకో. మన కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో సురభి నాటకాలు మొదలైనప్పుడు రంగస్థలం మీద మైకు అన్నదే లేదు. వెనక చాప మీద కూర్చున్న ముసలాయనకు పద్యం అందాలంటే నటుడి గొంతే దిక్కు. ఆ గొంతు విప్పి పాడే పద్ధతి ఇప్పటికీ ఉంది, ఉండాలి కూడా. వచనం మామూలుగా చెప్పిన మనిషే పద్యం చివర రాగం తీసేసరికి మీటరు ముల్లు ఎగిరి పడుతుంది. ఆర్కెస్ట్రా గాయకుడు మైకును పెదవులకు ఆనించుకుంటాడు. ఇక్కడ నటుడు నెత్తిన కిరీటం, చేతిలో గద పెట్టుకుని మైకుకు దూరంగా నిలబడతాడు. అందుకే వీడియోల్లో బ్యాండు వాళ్ళు చెప్పే సెట్టింగులు తెచ్చి ఇక్కడ పెడితే కుదరదు.

మైకుల దగ్గర మొదలుపెట్టు. మీ స్టేజీ ఫోటో చూశాను. మైకులు బాగా పైకి కట్టారు, నటుడి నోటికి మూడడుగుల పైనే ఉంది. వాటిని అడుగున్నర దూరానికి దించితే, ఏ నాబూ ముట్టకుండా గొంతు 6 డెసిబెల్స్ (శబ్దం కొలిచే లెక్క) పెరిగి మైకులోకి వస్తుంది. దూరం సగమైనప్పుడల్లా 6 డెసిబెల్స్ లాభం. మిక్సర్‌లో అదే 6 డెసిబెల్స్ పెంచితే కీచు కూడా దాంతోపాటే పెరుగుతుంది. మైకు దించితే పెరగదు. కాబట్టి దీనికంటే చవకైన మందు లేదు. కిరీటం తగలకుండా చూసుకో. కృష్ణుడి వేషానికి నెమలిపింఛం ఇంకో జానెడు పైకి లేస్తుంది కదా, నటుణ్ణి కిరీటంతో సహా నిలబెట్టి, మైకు తలమీద కాకుండా ముఖానికి ముందువైపు, నోటికేసి వంచి కట్టు. వైరును ఇంకో సన్నని తాడుతో వెనక్కి లాగి కడితే గాలికి తిరగదు.

మైకుకూ మైకుకూ మధ్య దూరం, నోటికీ మైకుకూ ఉన్న దూరానికి కనీసం మూడింతలు ఉండాలి. అడుగున్నరలో పాడుతుంటే పక్క మైకు నాలుగున్నర అడుగుల అవతల అన్నమాట. దగ్గరగా కడితే ఒకే గొంతు రెండు మైకుల్లో కొద్ది తేడాతో పడి, ఒకదాన్నొకటి కొంత చంపుకుని, డబ్బాలోంచి మాట్లాడినట్టు వినపడుతుంది. దాన్ని ఏ ఈక్వలైజరూ (లోతు, సన్నం స్వరాలను విడివిడిగా పెంచే, తగ్గించే నాబులు) బాగు చేయలేదు.

బాక్సులు స్టేజీ అంచుకంటే ముందు, మైకులన్నీ వాటి వెనక ఉండాలి. మీ ఊళ్ళో ఇంకో సంగతి కూడా ఉంది. జనం వెనక గుడి మంటపం, దాని పక్కన ఇళ్ళు, అన్నీ కడప బండలతో కట్టినవే. నున్నని రాయి శబ్దాన్ని అట్లాగే తిప్పి కొడుతుంది. స్టేజీకి 30 మీటర్ల దూరంలో గోడ ఉంటే మాట వెళ్ళి తిరిగొచ్చేసరికి 170 మిల్లీసెకన్లు దాటుతుంది. నటుడు తర్వాతి అక్షరం మొదలుపెట్టేసరికి పాత అక్షరం వచ్చి మీద పడుతుంది. అందుకని బాక్సులు ఎత్తుగా స్టాండ్ల మీద పెట్టి, ముఖం కొంచెం కిందికి, జనం మీదికి వంచు. గోడకేసి తిప్పొద్దు. జనం నిండాక మనుషులే శబ్దాన్ని చాలావరకు మింగుతారు. ఖాళీ మైదానంలో విన్న మోత చూసి సాయంత్రమే బెంబేలు పడి ట్రెబుల్ అంతా కోసేయొద్దు.

ఇప్పుడు హమ్. ఎక్కడినుంచి వస్తోందో కనిపెట్టడం ఐదు నిమిషాల పని. మిక్సర్ మాస్టర్ ఫేడర్ (మొత్తం శబ్దాన్ని పెంచే, దించే జారుడు మీట) పూర్తిగా దించు. అయినా హమ్ ఉంటే మిక్సర్ నుంచి యాంప్లిఫయర్‌కు పోయే వైరులోనో, ఆ రెండింటి కరెంటులోనో ఉంది. ఆగిపోతే ఏదో ఒక ఛానెల్లో ఉంది. అన్నీ మ్యూట్ చేసి ఒక్కొక్కటే తెరుస్తూ పో, దొంగ దొరుకుతుంది. నూటికి తొంభై సార్లు అది కీబోర్డు, ప్యాడు, లేకపోతే ఛార్జరు తగిలించిన ల్యాప్‌టాప్. లోతుగా మూలిగినట్టుంటే అది మన కరెంటు తరచుదనం, 50 హెర్ట్జ్, గ్రౌండ్ లూప్ అని అర్థం. గరగరమని గీరినట్టుంటే 100 హెర్ట్జ్, ఆపైన దాని రెట్లు. లైట్ల డిమ్మరో అడాప్టరో వదిలే చెత్త అది.

గ్రౌండ్ లూప్ అంటే, కీబోర్డు స్టేజీ మీద ఒక ప్లగ్గులోంచి, మిక్సర్ జనం మధ్యలో ఇంకో ప్లగ్గులోంచి కరెంటు తీసుకుంటాయి. రెండు చోట్లా ఎర్త్ ఉంది, రెండింటినీ కలుపుతూ ఆడియో వైరు షీల్డు కూడా ఉంది. ఆ చుట్టులో కరెంటు తిరిగి హమ్ అవుతుంది. కీబోర్డుకు, ప్యాడుకు తలా ఒక డీఐ బాక్సు (వాద్యం సిగ్నల్‌ను మైకు వైరుకు సరిపడేలా మార్చే చిన్న పెట్టె) పెట్టి, దాని మీదుండే గ్రౌండ్ లిఫ్ట్ బటన్ నొక్కు. దాంతోపాటు మిక్సర్, యాంప్లిఫయర్లు, వాద్యాల ప్లగ్గులు అన్నీ ఒకే ఫేజు మీద, ఒకే బోర్డునుంచి తీసుకో. ఫోకస్ లైట్లను వేరే ఫేజు మీద వెయ్యమను. జనరేటర్ అయితే ఇది ఇంకా ముఖ్యం. లైట్లు ఒక్కసారిగా వెలిగినప్పుడు వోల్టేజీ పడిపోయి మిక్సర్ గుటకలు మింగుతుంది. కరెంటు వైర్ల పక్కనే మైకు వైర్లు పరచొద్దు. దాటక తప్పకపోతే అడ్డంగా, కూడలిలో రోడ్లు దాటినట్టు దాటించు.

ఒక మాట గట్టిగా చెప్తున్నా. హమ్ పోతుందని ప్లగ్గు ఎర్త్ పిన్ను విరిచేవాళ్ళు మన దగ్గర ఉన్నారు. హమ్ పోవచ్చు. కానీ ఆ తర్వాత ఏ యాంప్లిఫయర్లోనైనా లీకేజీ వస్తే ఆ కరెంటు మైకు బాడీలోకి వస్తుంది, చెమట చేత్తో మైకు పట్టుకున్న మనిషి పోతాడు. నీళ్ళు చల్లిన నేల, ఇనప స్టేజీ, అన్నీ తిరుణాలలో ఉండేవే. ఎర్త్ తీయొద్దు, ఎవరు తీయమన్నా తీయొద్దు. ఎర్త్ లేని చోట ముందు ఎర్త్ వేయించు.

ఆన్ చేసేటప్పుడు మిక్సర్ ముందు, యాంప్లిఫయర్లు చివర. ఆపేటప్పుడు యాంప్లిఫయర్లు ముందు. తిరగేస్తే వచ్చే ఆ దభీమన్న దెబ్బకే ట్వీటర్లు (బాక్సులో సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్లు) పోతాయి. ఫేడర్ల కింద తెల్ల టేపు అంటించి పేర్లు రాసుకో. స్టేజీ మీద ఎడమనుంచి కుడికి మైకులు ఏ వరసలో ఉన్నాయో మిక్సర్‌లోనూ అదే వరస ఉండాలి. మైకు వైర్లలో ఎక్స్‌ఎల్‌ఆర్ (మైకు వైరు చివరుండే మూడు పిన్నుల కనెక్టర్) పిన్నుల వరస కూడా చూసుకో: 1 షీల్డు, 2 హాట్, 3 కోల్డ్. లోకల్‌గా అతికిన వైర్లలో 2, 3 తారుమారైనవి దొరుకుతుంటాయి, అవి పక్క మైకుతో కలిస్తే గొంతు పలచబడిపోతుంది. వేలాడే మైకులు కండెన్సర్లయితే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మిక్సర్ మైకు వైరులోంచే పంపే కరెంటు) కావాలి. నీలాంటి మిక్సర్లలో అది అన్ని ఛానెళ్లకూ కలిపి ఒకే స్విచ్ ఉంటుంది. ఛానెళ్లన్నీ మ్యూట్ చేశాకే దాన్ని వెయ్యి. సరిగ్గా వైరింగు ఉన్న డైనమిక్ మైకుకు దానివల్ల ఏం కాదు.

ఇక గెయిన్. నీ ప్రశ్నలో గెయిన్ అన్న మాటే లేదు, ఫేడర్ల గురించే రాశావు. అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువ సేపు ఆగుతాను. ఛానెల్ పైచివర ఉండే ఆ నాబ్, మైకునుంచి వచ్చే అతి చిన్న సిగ్నల్‌ను మిక్సర్ పనిచేయగలిగే స్థాయికి ఎత్తుతుంది. తక్కువ పెడితే తర్వాత ఎక్కడో ఒకచోట పెంచక తప్పదు, అప్పుడు గొంతుతోపాటు బుసబుస శబ్దం కూడా పెరుగుతుంది. ఎక్కువ పెడితే రాగం తీసేటప్పుడు ఆ మొదటి మెట్టులోనే గొంతు చీలిపోతుంది. అక్కడ చీలిన గొంతు కింద ఫేడర్ ఎంత దించినా చిన్నగా చీలినట్టే వినపడుతుంది, బాగవదు. నీ భజన రికార్డింగులో పంపిన ముక్క విన్నాను. హెచ్చు స్థాయిలో గొంతు బరబరలాడటం అదే. బాక్సు చెడిపోయిందేమో అనుకున్నావు, బాక్సు బాగానే ఉంది.

ఎట్లా పెట్టాలంటే, ఆ ఛానెల్ పీఎఫ్‌ఎల్ బటన్ నొక్కు. మీటరు ఇప్పుడు ఆ ఒక్క మైకునే చూపిస్తుంది. "హలో, మైక్ టెస్టింగ్, ఒన్ టూ త్రీ" అంటే సరిపోదు. కృష్ణుడి వేషగాణ్ణో అర్జునుడి వేషగాణ్ణో పిలిచి, ఆయన బాగా ఎత్తుకునే పద్యం ఒకటి, చివరి రాగంతో సహా, అసలు ఆటలో నిలబడే చోటే నిలబడి పాడమను. వచనానికి మీటరు 0 దగ్గర ఆడాలి, రాగం పైకి ఎక్కినప్పుడు దానిపైకి పోయినా ఎర్ర క్లిప్ లైటు వెలగకూడదు. ఒక్కసారైనా వెలిగితే గెయిన్ కొంచెం తగ్గించు. రాత్రి జనం ముందు నటులు సాయంత్రం కంటే ఇంకా గట్టిగా పాడతారు, ఆ చోటు ఇప్పుడే వదిలిపెట్టు. గెయిన్ ఇట్లా కుదిరాక ఫేడర్‌ను 0 గీత దగ్గర పెట్టి, జనానికి ఎంత వినపడాలన్నది మాస్టర్ దగ్గర, యాంప్లిఫయర్ దగ్గర చూసుకో. ఫేడర్ 0 దగ్గరే ఎందుకంటే, అక్కడ అంగుళం కదిలిస్తే కొద్ది డెసిబెల్సే మారతాయి. అడుగున అదే అంగుళానికి ఎన్నో రెట్లు మారుతుంది. ఆట నడుస్తుండగా సన్నగా సర్దాలంటే వేలికి ఆ చోటు కావాలి. గెయిన్ మాత్రం ఆట మధ్యలో ముట్టొద్దు. అది కదిపితే మానిటర్లూ (స్టేజీ మీదివాళ్ళు వినడానికి పెట్టే బాక్సులు) కదులుతాయి.

ఈక్వలైజర్‌కు ముందు లో-కట్ బటన్ (లోతైన శబ్దాలను కోసేది) ఉంది చూడు, 80 లేదా 100 హెర్ట్జ్ అని రాసి ఉంటుంది. గొంతు మైకులన్నిటికీ నొక్కెయ్. భీముడు గద నేలకు కొట్టినప్పుడు చెక్క స్టేజీ దడదడలాడేది, గాలి తగిలి భగభగమనేది దాదాపు దాని కిందే ఉంటాయి. డగ్గా మైకుకు మాత్రం నొక్కొద్దు, డగ్గా గుమ్మనడంలోని బలం ఆ కింది స్వరాల్లోనే ఉంది.

నాబులు తిప్పేటప్పుడు కోయడమే అలవాటు చేసుకో. మాట మబ్బు పట్టినట్టుంటే 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్య కొంచెం తగ్గించు. ముక్కుతో మాట్లాడినట్టుంటే 1 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల. స, శ, ష చెవిలో గుచ్చుకుంటే 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య. పద్యం అక్షరం అక్షరం తెలియడానికి కావలసింది 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్యే ఉంటుంది, మన చెవి కూడా అక్కడే చురుగ్గా ఉంటుంది. ఆ చోటు పెంచబోయే ముందు, దాని మీదికి వచ్చి కూర్చున్న కీబోర్డును అక్కడ కాస్త తగ్గించి చూడు. నాటకంలో కీబోర్డు పద్యాన్ని మోయాలే కానీ మింగకూడదు.

హార్మోనియానికి మైకు యాడ పెట్టాలో పుస్తకం చూసి చెప్పలేం. ఆయన వాయిస్తుండగా నీ చెవి పెట్టెకు అడుగు దూరంలో చుట్టూ తిప్పు. స్వరం నిండుగా, తిత్తి గాలి చప్పుడు తక్కువగా ఉన్న చోట మైకు పెట్టు. ఒక్కటే గుర్తుంచుకో, హార్మోనిస్టు నాటకానికి సగం ప్రాణం. నటుడు శ్రుతి అందుకునేది ఆయన దగ్గరే, పద్యం తప్పితే అందించేదీ ఆయనే. ఆయన పెదవులు ఆ మైకుకు దగ్గరగా ఉంటే అందింపు మాటలు ఊరంతా వింటారు. మైకును ఆయన నోటికి వీపు పెట్టేలా తిప్పు.

మానిటర్ల కోసం ఆక్స్ నాబులు (ఛానెల్ శబ్దాన్ని విడిగా ఇంకో దారిలో పంపేవి) వాడతావు కదా, ఆ ఆక్స్ ప్రీ-ఫేడర్‌లో ఉందో లేదో చూసుకో. ప్రీలో ఉంటే నువ్వు జనం కోసం ఫేడర్ ఎంత పైకీ కిందికీ ఆడించినా స్టేజీ మీద వినపడేది మారదు. పోస్టులో ఉంటే నువ్వు ఫేడర్ పెంచినప్పుడల్లా మానిటర్ కూడా పెరిగి కీచుమంటుంది. ఎకో, రివర్బ్‌కు పోయే ఆక్స్ మాత్రం పోస్టులో ఉండాలి, లేకపోతే గొంతు ఆపేసినా ఎకో ఒక్కటే తిరుగుతూ ఉంటుంది. నటుల మానిటర్లలో హార్మోనియం, తబలా చాలు. వేలాడే మైకుల గొంతు మానిటర్లోకి ఇవ్వొద్దు, నటులు అడిగినా నచ్చజెప్పు. ఆ మైకులు పైనుంచి స్టేజీ అంతా వింటున్నాయి, కింద మానిటర్ తన గొంతు తనకే తిరిగి వినిపిస్తే కీచు తప్పదు. వ్యాఖ్యాత చేతి మైకు కార్డియాయిడ్ అయితే అది సరిగ్గా వెనకవైపు శబ్దం తక్కువ తీసుకుంటుంది. అందుకని ఆయన మానిటర్ ఎదురుగా, మైకు తోకవైపు ఉండాలి. సూపర్ కార్డియాయిడ్ అయితే తక్కువ తీసుకునే చోట్లు వెనక రెండు పక్కలకు ఉంటాయి, మానిటర్‌ను కొంచెం పక్కకు జరుపు. మైకు జాలీని గుప్పిట్లో మూసి మాట్లాడొద్దని ఆయనకు ముందే చెప్పు. మూస్తే ఆ దిక్కులన్నీ పోయి మైకు అన్ని వైపులా వింటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వచ్చాం. తెరిచిన మైకుల సంఖ్య రెట్టింపు అయిన ప్రతిసారీ, కీచు రాకముందు నువ్వు పెంచుకోగలిగిన చోటు 3 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒక్క మైకుతో ఎంత దూరం పోగలవో, నాలుగు తెరిస్తే దానికి 6 తక్కువ, ఎనిమిది తెరిస్తే 9 తక్కువ. నీ భజనలో ఎనిమిదీ ఎప్పుడూ తెరిచే ఉన్నాయని నువ్వే రాశావు. గొంతు పెంచలేకపోయింది అందుకే. గ్రాఫిక్ ఈక్వలైజర్‌తో అంతటినీ కోసి సరిచేయాలని చూశావు. అట్లా కోస్తూ పోతే కీచుతోపాటు గొంతు కూడా పోతుంది.

గ్రాఫిక్ ఉపయోగం ఉంది, కానీ దాని హద్దులో. జనం రాకముందు అన్ని మైకులూ ఆట స్థానంలో పెట్టి మాస్టర్ మెల్లగా పెంచు. మొదటి కూత ఏ స్వరంలో వస్తే 31 పట్టీల్లో ఆ పట్టీని 3 డెసిబెల్స్ దించు. మళ్ళీ పెంచు, రెండోది వస్తే దాన్ని కూడా. నాలుగైదు పట్టీల తర్వాత ఆపెయ్. ఇంకా కూతలు కొత్త చోట్లనుంచి వస్తుంటే తప్పు మైకు చోటులోనో బాక్సు చోటులోనో ఉంది, లేచి పోయి దాన్ని జరుపు. ఆ తర్వాత మాస్టర్‌ను ఆ హద్దుకు ఓ 6 డెసిబెల్స్ కిందికి దించి అక్కడే ఆట నడుపు.

ఆట నడిచేటప్పుడు నాలుగు వేళ్ళు నాలుగు వేలాడే మైకుల ఫేడర్ల మీదే ఉండాలి. పద్యం ఎవరు ఎత్తుకుంటున్నారో ఆ మైకు 0 దగ్గర, మిగతా మూడూ 10 డెసిబెల్స్ కింద. పూర్తిగా మూసెయ్యొద్దు. అవతలి వేషం మధ్యలో ఒక మాట విసిరితే ఆ మాట పోకూడదు, 10 కింద ఉంటే వినపడుతుంది, నువ్వు ఎత్తేలోపు మిగతాది అందుతుంది. మైకు మారేటప్పుడు కొత్తది ముందు ఎత్తి, పాతది తర్వాత దించు. దీనికి నాటకం తెలియాలి. దర్శకుణ్ణి అడిగి స్క్రిప్టు జిరాక్స్ తెచ్చుకో, ఎవరు ఏ మైకు దగ్గర నిలబడి ఏ పద్యం ఎత్తుకుంటారో పెన్సిల్‌తో రాసుకో, ఒక్క రిహార్సల్‌కైనా పోయి కూర్చో. హార్మోనియం మీద రాగం ఛాయ ఇవ్వగానే పద్యం వస్తోందని నీకు తెలుస్తుంది, ఆ రెండు క్షణాలే నీ గడువు. ఒన్స్‌మోర్ అని జనం కేక వేస్తే సంబరంతో గొంతు పెంచే ఆపరేటర్లున్నారు. పెంచొద్దు, నటుడు రెండోసారి ఎట్లాగూ ఇంకా గట్టిగానే పాడతాడు, నీ ఫేడర్ కదలకుండా ఉంటే ఆయన కష్టం ఆయన గొంతులోనే తెలుస్తుంది.

మిక్సర్‌ను తెర వెనక పెట్టుకుని ఇవేవీ చేయలేవు. జనం మధ్యలో, రెండు బాక్సుల మాటా సమంగా అందే చోట కూర్చో. కమిటీ వాళ్ళు అక్కడ కుర్చీలు వేస్తామన్నా ఆ చోటు వదలొద్దు.

ఎకో గురించి నీకు నచ్చని మాట చెప్పాలి. మన ఊళ్ళల్లో ఎకో లేకపోతే మైకు సెట్టు పనిచేయడం లేదనుకుంటారు. కానీ పద్యం అక్షరాల మీద నిలబడిన కళ. సమాసం పొడుగ్గా ఉన్న చోట ఎకో పెడితే ప్రతి అక్షరం ముందుదాని తోక తొక్కుతుంది. పైగా బండల గోడలు ఎకో ఉచితంగానే ఇస్తున్నాయి. రాగం సాగేటప్పుడు కొద్దిగా రివర్బ్ ఇవ్వు, వచనానికి తీసెయ్. కంప్రెసర్ (శబ్దంలో హెచ్చుతగ్గుల తేడాను తగ్గించేది) ఉంటే వేలాడే మైకులకు చాలా తేలిగ్గా వాడు. దాంతో చిన్న శబ్దాలు పెరుగుతాయి, కీచు కూడా చిన్న శబ్దంగానే మొదలవుతుంది.

మీ కమిటీ వెనక వరసల కోసం ఊరి మధ్యలో హారన్లు కట్టమంటోందని రాశావు. స్టేజీకి 30 మీటర్ల దూరంలో హారన్ కడితే, అది స్టేజీ బాక్సుల కంటే ముందే మాట్లాడుతుంది, ఎందుకంటే వైర్లో సిగ్నల్ క్షణంలో పోతుంది, గాలిలో మాట నడిచి రావాలి. రాత్రి 30 డిగ్రీల వేడిలో శబ్దానికి మీటరుకు దాదాపు 2.9 మిల్లీసెకన్లు పడుతుంది. 30 మీటర్లకు 86. ఆ హారన్‌కు అంత డిలే (ఆలస్యం), దానిమీద ఇంకో 10 మిల్లీసెకన్లు కలిపి పెడితే మాట స్టేజీ మీద నుంచే వస్తున్నట్టు చెవి నమ్ముతుంది. దీన్ని హాస్ ప్రభావం అంటారు. మధ్యాహ్నం 40 డిగ్రీల్లో కొలిచినా తేడా 2 మిల్లీసెకన్లలోపే, దాని గురించి బెంగ వద్దు. డిలే ఇచ్చే ప్రాసెసర్ దొరక్కపోతే ఆ హారన్లు కట్టకపోవడమే మేలు. వెనకవాళ్ళకు రెండు మాటలు కలిసి వినపడే కంటే, ఒక్క మాట కొంచెం చిన్నగా వినపడటం నయం.

శబ్ద కాలుష్య నియమాలు 2000 నుంచీ ఉన్నాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్ పనికిరాదు. పండగలు, సాంస్కృతిక కార్యక్రమాల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా రాత్రి 12 గంటల దాకా సడలించవచ్చు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ కనీసం 100 మీటర్లను ప్రభుత్వం నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. తెల్లవార్లూ ఆడే నాటకమని కమిటీ అంటే, 12 దాటాక కుదరదని చెప్పు. 12 దాకా ఆడాలన్నా అనుమతి కాగితం వాళ్ళే తెచ్చి నీ చేతికివ్వాలి. పోలీసులు వచ్చి ముందు పట్టుకునేది మిక్సర్‌నే. నీ చెవుల సంగతీ చూసుకో. 85 డెసిబెల్స్‌లో రోజుకు 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ అందులో సగం గంటలు, ఇదీ వినికిడి నిపుణులు చెప్పే లెక్క. 94లో అంటే ఒక గంటే.

డిజిటల్ ఎప్పుడు కొనాలంటే, ఒకే నాటక సమాజానికి వరసగా ఆటలు చేస్తూ, ప్రతిసారీ అవే సెట్టింగులు మళ్ళీ మళ్ళీ పెట్టాల్సి వస్తున్నప్పుడు. సీను మారగానే ఒక బటన్‌తో ఫేడర్లన్నీ వాటి స్థానాలకు పోవడం, ప్రతి ఛానెల్‌కూ వేరే కంప్రెసర్, హారన్లకు లోపలే డిలే, ఇవి నిజంగా విలువైనవి. 2012లో బెహ్రింజర్ ఎక్స్32 వచ్చాక ఇట్లాంటివి మామూలు మైకు సెట్టు వాళ్ళకూ అందుబాటులోకి వచ్చాయి. అయితే డిజిటల్లో గెయిన్ పద్ధతి కొంచెం వేరు. అక్కడ 0 అంటే గోడ, దాని పైన ఏమీ లేదు. సగటున మైనస్ 18 దగ్గర నడపాలి. అనలాగ్‌లో 0 దగ్గర ఆడించే అలవాటుతో పోతే గొంతు నిలువునా చీలుతుంది.

ఇప్పటికి అప్పు చేయొద్దు. చేతిలో ఉన్న డబ్బుతో ముందు రెండు డీఐ బాక్సులు, మంచి కనెక్టర్లతో మైకు వైర్లు, ఎర్త్ పని, అవి అయ్యాక మిగిలితే వేలాడే మైకుల్లో బాగా పాతబడిన రెండింటిని మార్చు. నీ మిక్సర్ ఫేడర్లు కదిపినప్పుడు గరగరమంటున్నాయన్నావు, అది మన దుమ్ము. ఫేడర్లకు పనికొచ్చే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ప్రతి ఫేడర్‌నూ పైకీ కిందికీ పదే పదే ఆడించు, చాలావాటికి పోతుంది. పోని ఛానెల్‌ను వ్యాఖ్యాత మైకుకు పెట్టుకో, ఆ ఫేడర్ ఆటలో పెద్దగా కదలదు. రిహార్సల్ అయ్యాక ఏ మైకు దగ్గర కీచు ముందు వస్తోందో, ఏ స్వరంలోనో రాయి, స్టేజీ ఫోటో ఇంకొకటి పెట్టు. చూసి చెప్తాను.